తిట్లు తినే ఉద్యోగం

భీమునిపట్నం సముద్రంలో కలిసిపోయి ఒక తరం గడిచినా అరకు ఘాట్ గేటు దగ్గర క్యూ తగ్గలేదు. పైన కొండనగరంలో చోటు తక్కువ, కింద తీరం నుంచి వచ్చిపడే జనం ఎక్కువ. ఎవర్ని పైకి పంపాలో నిర్ణయయంత్రం తేలుస్తుంది. మనిషి కంటిపాప చూసి, అతని పని, ఆరోగ్యం, పైన ఖాళీగా ఉన్న గదులు బేరీజు వేసి, పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. పూర్వం ఈ పని పోలీసులది. లంచాలు మితిమీరాయని సంస్కరణల చట్టం తెచ్చి, వాళ్లను తప్పించి, గేటును ఒక ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీకి అప్పగించారు.

యంత్రం లంచం తీసుకోదు. బాగానే ఉంది. కానీ ఎర్రదీపం పడ్డవాళ్లు అక్కణ్ణుంచి కదిలేవారు కాదు. దీపంతో ఏం పోట్లాడతారు, పాపం! అందుకని కంపెనీ రిటైరైన కానిస్టేబుల్ పైడిరాజుకు పాత ఖాకీ తొడిగి, గేటు బయట కుర్చీలో కూర్చోబెట్టింది. అతనికి ఏ అధికారమూ లేదు. జనం అతన్ని బతిమాలి, తిట్టిపోసి, గుండెబరువు దించుకుని వెళ్లిపోయేవారు. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లే అతనికి పైన క్వార్టర్సులో భార్య నూకరత్నంతో కాపురం.

ఆ రోజు కంపెనీ శాస్త్రవేత్త డాక్టర్ షమీమ్ వ్యానులోంచి ఒక బొమ్మను దింపించింది. ఖాకీ బట్టలు, మీసాలు, అలసిన కళ్లు.

"ఇదేటమ్మా?" అన్నాడు పైడిరాజు.

"నిందాగ్రాహి. రోబో. ఎదుటివాళ్ల గొంతును బట్టి తల దించుకుంటుంది, నిట్టూరుస్తుంది. గేటుతో దీనికి సంబంధం లేదు."

"నాకూ నేదు కదమ్మా! మరి నా కొలువో?"

"ఈ రోజుతో సరి, పైడిరాజు గారూ. ఆర్డరు పైనుంచి వచ్చింది. నా చేతుల్లో ఏం లేదండీ."

పైడిరాజు రోజూ అందరికీ చెప్పే మాటే అది. ఆమెను తిట్టడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది.

ఎర్రదీపం పడిన ఒక చేపలామె రోబో ముందు నిలబడింది. "నీకు పిల్లల్నేర్రా? నీ నోట్లో మన్నెయ్య!" అని శోకాలు పెట్టింది. రోబో తల దించుకుంది. ఆమె కళ్లు తుడుచుకుని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

"బొమ్మని పట్టుకుని ఏడుత్తారేటి, సిగ్గునేని జనం!" అని విసుక్కున్నాడు పైడిరాజు.

సాయంత్రం షమీమ్ పైకి వెళ్లిపోయింది. పైడిరాజు కూడా ఇంటికి వెళ్దామని గేటు యంత్రం ముందు కన్ను పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. ఉద్యోగం లేదు కనక పైన గది లేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే.

చుట్టూ చూశాడు. కుర్చీలో రోబో ఒక్కటే ఉంది.

"బాబూ, నా ఇంటిది పైనుంది. దానికి సూపానదు. ఈ ఒక్కపాలికి ఒగ్గీ, బాబూ."

రోబో నిట్టూర్చింది.

"నువ్వూ ఒక మనిసివేనా? నీ వంశం నాశనమైపోను!" గొంతు బొంగురుపోయేదాకా తిట్టాడు. రోబో తల దించుకుంది. దాని కళ్లు తడిశాయి.

దాని చేతిలో ఏమీ లేదని ఈ లోకంలో పైడిరాజు కన్నా బాగా తెలిసినవాడు లేడు. అయినా గుండె తేలికపడింది. మంచోడే పాపం, ఆడు మాత్రం ఏటి సేత్తాడు అనిపించింది. ముఖం తుడుచుకుని, రేపు ఇంకోసారి వచ్చి అడుగుదామనుకుంటూ, ఏ గొడవా చేయకుండా కిందికి దిగిపోయాడు.