గురువారం నాటి సీ-ఫారం

ఏజెంట్ వీరేష్‌ను మంగళవారం సాయంత్రం ఆరింటికి ఓర్వకల్లు రాళ్లగుట్టల్లో కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన తుపాకి, ఒకే గుండు. అతని బూటు మడమలో దాచిన మైక్రోచిప్ మాయమైంది.

పది రోజుల తర్వాత, శుక్రవారం పొద్దున పదింటికి, వీరేష్ జోడీ ఏజెంట్ చంద్ర ఆ గుట్టల కిందే జీపులో కూర్చుని ఫోన్‌లో చీఫ్‌ను బతిమాలుతున్నాడు. బతిమాలడం ఆ ఉద్యోగానికి నప్పే పని కాదు. కానీ రెసిడెన్స్ పర్మిట్లు తీసుకుని పరాయి దేశంలో మామూలు ఉద్యోగుల్లా బతుకుతున్న మన పదకొండు మంది ఏజెంట్ల చిరునామాలు ఆ చిప్‌లో ఉన్నాయి. అందులో నాలుగో పేరు నాగలత. అక్కడ నర్సు, ఇక్కడ చంద్ర భార్య.

"ఆస్కర్‌ను ఆపండి సర్. పదకొండు ఇరవైకి చెన్నై ఫ్లైట్. అక్కడినుంచి వాళ్ల దేశం. చిప్ తాళం విప్పగలిగేవాళ్లు అక్కడే ఉన్నారు. చిప్ వాడి దగ్గరే ఉందని శివజ్యోతి చెప్పింది కదా!"

శివజ్యోతి కడపలో వీసా కన్సల్టెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర కారు. విదేశీ ముఠా దగ్గరా, మన దగ్గరా రెండు చోట్లా జీతం పుచ్చుకునే మనిషి. ఆమెను నమ్మాలో వద్దో చీఫ్ నారాయణకు ఇప్పటికీ తేలలేదు.

"ఏ కారణంతో ఆపను? ఇండస్ట్రియల్ పార్కులో ఇంజనీరు. ఎంప్లాయ్‌మెంట్ వీసా, కాంట్రాక్టు, రెసిడెన్స్ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, అన్నీ పక్కా. బుధవారం దాకా చెన్నైలోనే ఉన్నానని సంతకం పెట్టాడు. ఇంటి ఓనరు నింపిన సీ-ఫారంలో కూడా గురువారం దిగినట్టే ఉంది. హత్య జరిగింది మంగళవారం. కాగితాల్లో ఒక్క తప్పు చూపించు, ఆపుతా."

ఫోన్ కట్.

విదేశీయుడు ఇంట్లో దిగిన ఇరవైనాలుగు గంటల్లో ఓనరు ఆన్‌లైన్‌లో సీ-ఫారం నింపాలి. కాబట్టి ఆ తప్పంటూ ఉంటే ఓనరు దగ్గరే ఉండాలి. చంద్ర గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో ఆ ఓనరు కృష్ణవేణమ్మ గడప తొక్కాడు. గోడ గడియారం వైపే చూస్తూ స్పానరు రెండుసార్లు జారవిడిచాడు.

"ఏమప్పా, తొందరా?" అందామె.

"లేదమ్మా. మీ దొర గురువారం పొద్దున్నే దిగినాడంట కదా?"

"గురువారమా? మంగళవారం మధ్యాన్నమే వచ్చినాడు. మంగళవారం నాడు కొత్తింట్లో పాలు పొంగించనిస్తానా నేను? మిద్దె మింద రేకుల రూములో పండుకోమంటి. మా కొడుకు సుంకప్ప స్కూటర్ తీసుకోని గుట్ట చూసొస్తానని పాయ, పొద్దు గూకినాక వచ్చె. గురువారం పాలు పొంగించినాకనే ఇల్లు అప్పజెప్తి. పాలు పొంగందే ఇంట్లోకి వచ్చినట్టు యాడన్నా లెక్కనా? అదే తేదీ రాయిస్తి."

చంద్ర స్పానరు కింద పెట్టాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే వేషం విప్పి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"రుజువేమన్నా ఉందా అమ్మా?"

"మా సుప్రజ ఆ పొద్దే దొరతో ఫోటో దిగి కుటుంబం గ్రూపులో పెట్టింది." ఆమె కూతురి ఫోన్ తెచ్చింది. ఫోటో కింద ఆ మంగళవారం తేదీ, మధ్యాహ్నం రెండూ పది. "తప్పు తేదీ రాయించినందుకు నా మింద కేసు పెడ్తారా?"

అబద్ధం చెప్పడం చంద్ర వృత్తి. ఆ క్షణాన నోరు రాలేదు. "పెట్టొచ్చమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక పిల్లోన్ని సంపొచ్చి నా మిద్దె మింద పండుకున్యాడా! నడువప్పా."

పదకొండూ ఐదు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు. ఫోటో చూపించి చంద్ర ఆస్కర్‌ను ఆపించాడు. ల్యాప్‌టాప్, ఫోన్, బూట్లు అన్నీ స్కాన్ చేశారు. ఏమీ దొరకలేదు. పదకొండూ పదహారుకు కంపెనీ లాయరు గొంతు పెంచాడు.

"ఓనరు పొరపాటుకు మా క్లయింటు బాధ్యుడా? ఆమె రాయించిన తేదీ చూసే ఆయన సంతకం పెట్టారు. సంజాయిషీ తర్వాత పంపుతాం. విమానం ఎక్కనివ్వండి!"

పోలీసు అధికారి చంద్ర వైపు నిస్సహాయంగా చూశాడు. చంద్రకు నాగలత మొహం కళ్లముందు మెదిలింది. అరవాలనిపించింది. ఏడవాలనిపించింది.

క్లయింటును సాగనంపడానికి వచ్చిన శివజ్యోతి అప్పుడు నల్ల కళ్లద్దాలు తీసింది.

"చిన్న అనుమానం సార్," అంది తాపీగా. "ఈయన పాన్ కార్డు నేనే చేయించా. నేనిచ్చింది ఇంత మందంగా లేదు."

ఆస్కర్ ఒక్క దూకు దూకి అధికారి చేతిలోని కార్డు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. అందరికంటే దగ్గరున్నది కృష్ణవేణమ్మ. రెండు చేతులతో అతని దవడలు పట్టి నొక్కింది. "ఉమ్ము నా కొడకా!"

ఉమ్మాడు. చంద్ర కార్డు విరిచాడు. పొరల మధ్య గోరంత చిప్. అద్దాల అవతల విమానం కదిలింది.

చంద్ర గోడకానుకుని నాగలతకు రెండే మాటలు పంపాడు: 'భయం లేదు.' ఆ తర్వాత ఎవరున్నారని చూడకుండా ఏడ్చేశాడు.

బేడీలు పడగానే ఆస్కర్‌కు చట్టం గుర్తొచ్చింది. "వచ్చే నెలతో నా వీసా గడువు అయిపోతుంది! ఆ తర్వాత నేనిక్కడ ఎలా ఉంటాను?"

చంద్ర కళ్లు తుడుచుకున్నాడు.

"కంగారు పడకు. కడప జైల్లో ఉండటానికి ఏ పర్మిటూ అక్కర్లేదు."