సవరణతో ఆమోదం

శాసనసభలో అభినందన తీర్మానాలు రాసే గుమస్తాను నేను. కుస్తీలో గెలిచినవాడికీ, రిటైరైన జడ్జికీ, అందాల పోటీలో కిరీటం కొట్టినమ్మాయికీ నా దగ్గర నమూనా ఒక్కటే. పేరు మార్చి విశేషణాలు చల్లుతాను. సభ్యులు చదవరు, బల్లలు చరుస్తారు. వాళ్ల జీతాలు ఆ చప్పుడుకేనని నా అనుమానం.

ఆ ఏడాది కిరీటం గెలిచినమ్మాయి సన్మానానికి ముందురోజు నా గదికొచ్చింది. కిరీటం లేదు, చేతిలో నా చిత్తుప్రతి, ఎర్రపెన్ను. సోకులమ్మాయే కదా అని నేను కుర్చీ కూడా చూపించలేదు.

"వెన్నెలలాంటి చిరునవ్వని రాశారు. నా నవ్వు మీరెప్పుడు చూశారండీ?"

చూడలేదని ఒప్పుకున్నాను. విశేషణాలన్నీ కొట్టేసింది. తను కాలిన గాయాల వార్డులో నర్సునని, వార్డుకు తాళం పడి ఎనిమిది నెలలైందని, కిరీటముంటే ఎవరైనా మాట వింటారని పోటీకి వెళ్లానని చెప్పింది. అందరూ ఒంటి కొలతలే అడిగారట.

"వార్డు తెరవాలని ఒక్క వాక్యం రాయండి, చాలు."

తీర్మానంలో పొగడ్తలే ఉండాలనీ, గీత దాటితే నా ఉద్యోగం ఊడుతుందనీ చెప్పాను.

"అయితే వెన్నెలే రాసుకోండి," అని వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికి ఆ వాక్యం రాసేశాను.

మర్నాడు స్పీకర్ ఆవలింత ఆపుకుంటూ చదివారు: "నెలలోపు కాలిన గాయాల వార్డు తెరవాలని ఈ సభ తీర్మానిస్తోంది." అధికారపక్షం ఆమెతో సెల్ఫీల కోసం జుట్టు దువ్వుకుంటోంది, ప్రతిపక్షం కునుకు తీస్తోంది. ఏకగ్రీవం. ఆరోగ్యమంత్రే అందరికన్నా గట్టిగా బల్ల చరిచాడు. దేనికి చరిచాడో మర్నాడు పేపర్లో చూసుకున్నాడు. చదవలేదని చెప్పుకోలేరు కదా, నోరు మూసుకుని వార్డు తెరిచారు. నన్ను మాత్రం పాత ఫైళ్ల గదిలో పడేశారు.

ఆమె నర్సు బట్టల్లో అక్కడికొచ్చింది. దుమ్ములో తుమ్ముతున్న నన్ను చూసి నవ్వింది. వెన్నెలేం కాదు. అలసిన నవ్వు, ముందు పన్ను కాస్త వంకర. నేను మనసు పారేసుకున్నాను.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు, వారమంతా రాసి దాచుకున్న కాగితం ఇచ్చాను. 'అద్వితీయ, అనుపమ, అపురూపమైన మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది.'

రెండుసార్లు చదివింది. ఎర్రపెన్ను తీసి మూడు విశేషణాలూ కొట్టేసింది. కాగితం తిరిగి నా చేతికిచ్చింది. అడుగున రాసి ఉంది: 'సవరణతో ఆమోదం.'