చాట కదిరమ్మ మిషను కాడ చెవులున్న లైటు

ఉరవకొండ నుంచి మా ఊరికొచ్చే దోవలో, గాలిమరలు మొదలయ్యే కాడ, మూతపడిన చెనక్కాయలు ఒలిచే మిషను ఒకటి ఉండాది. పొద్దు గూకినాక ఆ పక్కకు కుక్క కూడా పోదు. పోయిన కుక్క తిరిగొచ్చినా మొరిగేది మర్చిపోయి వస్తాది... మా ఊర్లో సగం కుక్కలు ఇప్పుడు మూగవే.

ఆ మిషన్లో కదిరమ్మ అని ఒకామె పని చేస్తాండెనంట. కాయలు చెరిగే పని. ఒక సాయంత్రం అందరూ ఇండ్లకు పోయినా ఈమె చెరుగుతానే ఉండింది. బయట గొళ్ళెం పడింది... ఎవురూ చూసుకోలే. మళ్ల పంటకారుకు మిషను తెరిస్తే కదిరమ్మ లేదు. ఎముక లేదు, ఎంటిక లేదు. చాట ఒక్కటే ఉండాది — దాన్లో తాలు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు.

అప్పట్నుంచి చీకటి పడితే ఆ గోడల కాడ చప్పుడు.

చెర్రు... చెర్రు... టప్.

ఇంగ అశ్విని సంగతి చెప్తా. గుత్తి పిల్ల. పెండ్లి ఫోటోలు తీస్తాది. ఇంతకాలం ఒకరి కింద పని చేసి, సొంతంగా ఒప్పుకున్న మొదటి పెండ్లి మా ఊరిదే. తెల్లారుజామున ముహూర్తం. ఆ గడియకు కెమెరా పట్టుకోని ఆ పిల్ల పందిట్లో లేకపోతే, గుత్తి నుంచి ధర్మవరం దాకా ఇంగ ఎవురూ ఆ పిల్లను పిలవరు. ఇదంతా తరవాత ఆ పిల్ల నోట విన్నదే. నేను కలిపింది ఏమీ లేదు. కలిపినా పిడికెడే.

లైటును కెమెరా మీద కాకుండా దూరంగా పెట్టి మెరిపిస్తే మొగాలు బాగా వస్తాయంట. దానికి అగ్గిపెట్టెలంత డబ్బాలు రెండు కావల్ల. ఒకటి కెమెరా నెత్తిన కూచుంటాది, ఇంకోటి లైటు కాళ్ళ కింద. అది పిలిస్తే ఇది పలుకుతాది. ట్రిగ్గరు అంటారంట.

అనంతపురం అంగట్లో అమ్మే ఆయప్ప మూడు రకాలు ముందర పెట్టినాడు.

"ఇది తీస్కో మేడం. వెలుతురు ఎంత కావల్లో అదే కొలుచుకుంటాది."

"కొలిచేదానికి నాకు కండ్లు ఉండాయిలే అన్నా. దాని ధరకు ఇంకో స్కూటీ వస్తాది. ఇది?"

"ఇది శానా చవక. దీనికి కన్ను ఉండాది. ఇంకో లైటు మెరిసింది చూసి ఇదీ మెరుస్తాది."

"పెండ్లిలో ఇంకెవురో మెరిపించినా?"

"...మెరుస్తాది."

"అంటే ఊర్లో వాళ్ళందరి మాటా ఇంటాది, నా మాట తప్ప. గోడ అడ్డమొస్తే?"

"గోడలోంచి దానికి యాడ కనపడుతాది మేడం!"

"మరి ఈ మూడోది?"

"ఇది రేడియోది. కన్ను లేదు, చెవులుండాయి. గోడ అవతల నుంచి పిలిచినా ఇంటాది. కాకపోతే వెలుతురు నువ్వే తిప్పి పెట్టుకోవల్ల. మామూలు పెన్సిలు సెల్లులు చాలు, ఏ అంగట్లోనైనా దొరుకుతాయి."

చెవులున్నదాన్నే కొనుక్కుంది.

ముందురోజు పొద్దు వాలేటప్పుడు పెండ్లింటికి వస్తా వస్తా దోవలో ఆ మిషను కనపడింది. ఇంత మందం రాతిగోడలు! 'దీని చెవులు ఎంత పదునో ఈడనే చూద్దాం' అనుకోని స్కూటీ ఆపింది. కదిరమ్మ సంగతి ఆ పిల్లకు తెల్దు. చెప్పేదానికి ఆడ ఎవురుంటారు? సెల్లుఫోను స్కూటీ డిక్కీలోనే పెట్టేసింది. లైటును బయట గోడవారగా స్టాండు మీద నిలబెట్టి, కెమెరా ఎత్తుకోని లోపలికి పోయింది.

నొక్కింది. పైన కిటికీలో తెల్లగా మెరిసింది. గోడ అవతల నుంచి... పలికింది!

సంతోషంతో ఇంకోసారి నొక్కబోతాంది —

గాలి.

మా శ్రావణమాసం గాలి మీకు తెల్దు. ఎద్దును ఎత్తి ఇంటి మిద్దె మీద పెడతాది. ఆ గాలి తలుపును పట్టి ధడేల్మని కొట్టింది. ఆ ఊపుకు బయట గొళ్ళెం జారి... కొండీలో పడింది.

అశ్విని తలుపు నెట్టింది. కదల్లే. భుజంతో గుద్దింది. కదల్లే. కిటికీలా... నిట్టాడి స్తంభమంత ఎత్తున ఉండాయి, ఇనుప కడ్డీలు. పొట్టు వాసన. గబ్బిలాల వాసన. గోడల్లోంచి పగటి ఎండ ఇంకా ఉడుకుతానే ఉండాది. చూస్తాండగానే చీకటి కింది నుంచి పైకి నిండింది, తొట్లో నీళ్ళు నిండినట్ల.

అరిచింది. గాలిమరల రొదలో ఆ అరుపు ఎవురికి ఇనపడుతాది? గొంతు పోయింది. అప్పుడు తట్టింది — 'నా గొంతు గోడ దాటకపోతే ఏమి, దీని గొంతు దాటుతాది!'

నొక్కింది... మెరిసింది. నొక్కింది... మెరిసింది.

ఆ మెరుపు సరిగ్గా సోమప్ప మొగాన పడింది. సోమప్ప పెండ్లింటికి కూరగాయలు మోపెడ్డు మీద ఏసుకోని వస్తాండాడు. బండి ఆపినాడు. లోపల్నుంచి బొంగురు గొంతు — "అన్నా... గొళ్ళెం తీయన్నా..."

బండి ఆడ్నే. వంకాయలు ఆడ్నే. చెప్పులు కూడా ఆడ్నే. సోమప్ప మాత్రం పెండ్లి పందిట్లో ఉండాడు! ఎట్ల వచ్చినాడో ఆయప్పకే తెల్దు.

"కదిరమ్మ... మెరుస్తాంది! గొళ్ళెం తీయమంటాంది!"

ఊరంతా తలుపులు బిగించుకున్నారు. పెండ్లికొడుకు పెండ్లికూతురి కన్నా ముందు మంచం కింద దూరినాడు. ఎవురో గుసగుసగా అడిగినారు — "ఫోటోల పిల్ల... ఇంకా రాలేదే?"

"ఇంగేం వస్తాది. కదిరమ్మ పట్టింటాది."

అందరూ వణుకుతాంటే నాకు మాత్రం కడుపులో నవ్వు. ఎందుకంటారా? నా పేరు బయమ్మ. నా పిడకలు ఆ మిషను వెనకాల వామిగా పేర్చి పెట్టుకుంటా. పోయిన యేడు ఎవురో రోజూ ఎత్తకపోతాంటే, ఒక పొద్దున రచ్చకట్ట కాడ కూచోని కదిరమ్మను పుట్టించినా. ఆ పేరు నేను పెట్టిందే. ఆ చాట నేను చేతికిచ్చిందే. ఆ మూగకుక్కలూ నావే! ఆ పొద్దు నుంచి ఒక్క పిడక పోలే.

కదిరమ్మ లేదని నాకొక్కదానికే తెలుసు. కదిరమ్మ లేకపోతే... మెరిపించేది ఎవురు? బతికిన మనిషి. రాని మనిషి ఎవురు? ఫోటోల పిల్ల.

నవ్వు ఆగిపోయింది.

నిజం చెప్తే పిడకలు పోతాయి. చెప్పకపోతే ఎవురూ కదలరు. "నేను పోయి దానికి నచ్చజెప్పొస్తా" అని కట్టె అందుకున్నా.

"పెద్దమ్మా, వద్దు! తినేస్తాది!" అన్నాడు సోమప్ప మంచం కింది నుంచి. పెండ్లికొడుకు పక్కనే చోటు చూసుకున్నాడు.

"నన్ను తింటే దానికే అరగదులే రా."

పోయినా. మెరుపు దూరం నుంచే కనపడుతాంది. మొదట్లో ఉరవకొండ దాకా పగలైనట్ల ఉండె. నేను దగ్గరయ్యేకొద్దీ అది నీరసంగా, ఆగి ఆగి... సెల్లులు అయిపోతాండాయి. నేను గోడ కాడికి చేరేసరికి మిణుగురంత మెరిసి, ఇంగ మెరవలే.

తలుపు మీద చెయ్యి పెట్టినా. అవతల ఎవురో గసపెడతాండారు.

"ఎవురు..." సన్నగా.

"బయమ్మ."

"నాకూ... బయంగానే ఉండాది. ఎవురో చెప్పండి..."

"నా పేరే అది, తల్లీ!"

గొళ్ళెం బిగుసుకోని ఉండాది. కట్టెతో కొట్టి కొట్టి ఎత్తినా. తలుపు తెరుచుకునేసరికి ఆ పిల్ల నా మీద పడి, గట్టిగా పట్టుకోని ఏడ్చింది. ఒళ్ళంతా పొట్టు. మెడలో కెమెరా, దాని నెత్తిన ఆ అగ్గిపెట్టె. నా కొంగుతో మొగం తుడిచినా.

"ముహూర్తం దాటిపోయిందా అవ్వా?"

"యాడిది. పెండ్లికొడుకు ఇంకా మంచం కిందనే ఉండాడు. నడువు."

లైటు ఎత్తుకున్నాం, స్కూటీ తోసుకుంటా దోవ పట్టినాం. కొంచెం దూరం వచ్చినాక ఆ పిల్ల అంది —

"కానీ అవ్వా... నువ్వు ఇంకొంచెం ముందరే తలుపు తీయాల్సింది."

"సోమప్ప చెప్పినాకనే కదా తల్లీ నేను లేచొస్తి."

"అదేమి... నువ్వు పొద్దు గూకినప్పటి నుంచి ఆడనే ఉండావు కదా?"

"నేనా?"

"తలుపు అవతల చెరుగుతాంటివి కదా అవ్వా. చాట చప్పుడు. మనిషి ఉండాదన్న ధైర్యంతోనే నేను నొక్కుతా ఉండింది. నొక్కినప్పుడల్లా ఆగుతాండె. మెరుపు ఆరగానే... మళ్ల."

నేను నిలబడిపోయినా.

"...ఎట్లా చప్పుడు, తల్లీ?"

చెప్పనీకె ఆ పిల్ల నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్లే మా ఎనకపక్కకు చూసింది. ఆ పిల్ల చెప్పే పని లేకపోయింది.

చెర్రు... చెర్రు... టప్.

పెండ్లి బాగనే జరిగింది. ఫోటోలు శానా బాగా వచ్చినాయి. ఒక్క ఫోటోలో కూడా నా మొగంలో నెత్తురు లేదు.

నా పిడకలు ఇంకా ఆ మిషను ఎనకాలే ఉండాయి, వామి వామిగా. ఎవురికి కావల్లన్నా తోలుకోని పోండప్పా... నేను అడగను.