కరువుపోతు, నాముపిలకలు

నేల నోరు తెరిచి మబ్బుకేసి చూసే సీమలో కందెనగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని కరువుపోతు అనే రాక్షసుడు పట్టి పీడించేవాడు. జొన్న పొట్టకొచ్చే వేళకు వాడు కొండంత దున్నపోతు రూపంలో దిగి, చేలన్నీ మోళ్లదాకా మేసి, అడ్డొచ్చినవారిని కుమ్మి చంపేవాడు. వాడి ఊపిరి వేడికి మబ్బులు విరిగిపోయేవి. రాజుగారి సైన్యం ఎదురుపడితే ఈటెలు వాడి చర్మంమీద పుల్లల్లా విరిగాయి, సైనికులు గిట్టలకింద నలిగిపోయారు. "కరువుపోతును చంపినవారిదే నా సింహాసనం" అని సంతానం లేని రాజు చాటింపు వేయించాడు.

సుంకులి అనే రైతుపిల్ల తండ్రి ఆ యేడు చేలోనే వాడి కొమ్ముకు బలయ్యాడు. ఆమె కన్నీరు తుడుచుకుని, తండ్రి కొడవలిని నడుముకు దోపుకుని, ఎర్రకొండమీది మునిని ఉపాయం అడగడానికి బయలుదేరింది.

తుమ్మల అడవిలో రెండు తలల కొండచిలువ ఆమెను చుట్టేసింది.

"ఏ నోట్లోకి పోతావు పాపా?" అన్నాయి రెండు తలలూ.

"ఆకలి ఎవురికి ఎక్కువో మీరే తేల్చుకోండి."

తలలు రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. పట్టు సడలగానే సుంకులి కొడవలి రెండుసార్లు లేచింది. నెత్తురులో తడిసిన కాళ్లతోనే ఆమె కొండెక్కింది.

"ఇనుము వాణ్ణి కోయదు తల్లీ," అన్నాడు పుట్టలో సగం మునిగిన ముని. "వాడు తెచ్చిన కరువే వాణ్ణి చంపాలి. మీ పూర్వుల మొండిజొన్న విత్తనం వాడి కుడికొమ్ములో ఉంది. దాని వేరు బండదాకా దిగుతుంది. కానీ వాననీరు చేలో నిలవకపోతే ఎంత మంచి విత్తనమైనా గింజ పట్టదు."

"కరువు వాణ్ణెట్లా చంపుతాది సామీ?"

"నీ చేనునే అడుగు."

ఆమె తిరిగొచ్చేసరికి ఊరంతా పొలాల్లో ఉంది. జొన్న మోళ్లకు పిలకలు లేచాయి. వానలేక గిడసబారిన ఆ లేత పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. తిన్న గొడ్డు తిన్నచోటే కూలుతుంది. అందుకే ఏటా అవి కనిపించగానే ఊరంతా దిగి పీకి తగలబెట్టేది.

ముని మాట సుంకులికి అప్పుడు అర్థమైంది. "పీకొద్దండి!" అని అరిచింది.

"పిచ్చిదానా! గొడ్లు తింటే చస్తాయి," అన్నాడు ఊరిపెద్ద చెన్నప్ప.

"మన గొడ్లను కట్టేయండి తాతా. చావాల్సిన గొడ్డును నేను పిలుస్తా."

ఆమె చేని నడుమ నిలబడి కొండకేసి కేకేసింది. "ఒరే దున్నా! పచ్చగా మేత పెట్టినాను, తినే దమ్ముందా?"

నేల అదిరేలా కరువుపోతు వచ్చాడు. "మీ నాయన నెత్తురు నా కొమ్ముమీద ఇంకా ఆరలేదే పిల్లా!" అంటూ ఒక్క పోటు పొడిచాడు. కొమ్ము భుజాన్ని చీల్చింది. సుంకులి ఎగిరి గట్టవతల పడింది. వాడు నవ్వుతూ పిలకలను మడి తరువాత మడి నమిలాడు.

ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. నోట నురగ కారింది. కళ్లు తేలేశాడు. కాళ్లు కొట్టుకుంటూ, రెండు గుడిసెలను నుజ్జుచేసి, తాను ఎండబెట్టిన నేలమీదే చచ్చాడు.

ప్రాణం పోగానే వాడి ఒళ్లు ఇనుముకు లొంగింది. సుంకులి ఒంటిచేత్తో చెన్నప్ప గొడ్డలి ఎత్తి కుడికొమ్ము పగలగొట్టింది. ఎర్రటి జొన్నగింజలు జలజలా రాలాయి.

రాజు మాట నిలుపుకుని సింహాసనం సుంకులికి ఇచ్చాడు. రాణి సుంకులి మొదటి ఆజ్ఞగా వాలుకు అడ్డంగా దున్నించింది, చేను చేనుకూ గట్టు వేయించి ఆ మొండిజొన్న విత్తించింది. మరుసటి యేడు కురిసిన కాస్త వానా గట్టు దాటలేదు. కంకులు గుప్పిట పట్టనంత పెరిగాయి, గాదెలు చాల్లేదు.

కోతలయ్యాక మోళ్లు మళ్లీ చిగురించాయి. రాణి చీర చెంగు బిగించి అందరికంటే ముందు చేలోకి దిగింది.

"ఇప్పుడు పీకుదాం పద తాతా," అంది.