గంటసేపటి సిగార్

బెల్లంపల్లిలో తమ క్వార్టర్ ముందు ఆటో ఆగగానే స్పందన దిగడానికి జంకింది. ఎందుకు జంకదు! తండ్రి లింగమూర్తి ఫోన్లో తెగేసి చెప్పాడాయె: "హోటల్ల సుట్టలమ్మెటోనికి నా బిడ్డనియ్య."

ఆ అమ్మేవాడే, పెద్ద హోటల్లో సిగార్లమ్మే విజయేందర్, నవ్వుతూ ఆటో దిగాడు. చేతిలో పండ్లూ స్వీట్లూ లేవు, చిన్న సిగార్ల చెక్కపెట్టె!

"పిచ్చి లేసిందా? బాపుకు సిగార్ తెస్తవా?"

"నా పనేందో సూడనీ. సూసినంక కాదంటే అననీ."

లింగమూర్తి బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, మొన్ననే రిటైరయ్యాడు. బాయిలోకి దిగేముందు రోజూ జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె తీసేసుకునేవారు. గేటు బయట హడావుడిగా లాగే రెండు దమ్ములే ఆయనెరిగిన పొగ.

సన్నగా వాన మొదలైంది. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి వానలో పొమ్మనలేక, లింగమూర్తి వసారాలో విజయేందర్‌కు ఎదురుగా కూర్చున్నాడు. విజయేందర్ సిగార్ కొస కోసి, ముట్టించి ఇచ్చాడు. ఆయన బీడీలా గుంజి, కళ్ళనీళ్ళొచ్చేలా దగ్గాడు.

"మింగొద్దు మామా. నోట్లె పట్టి ఇడ్వాలె, నిమిషానికొక్కపారి."

"మామనా? ఎవలు చెప్పిండ్రు నీకు?"

తలుపు పక్కన స్పందన నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం మళ్ళీ పీల్చి మెల్లగా వదిలాడు.

"ఘాటే లేదు గదరా! కాల్చిన మక్కకంకి వాసనొస్తంది... ఎనుక జర తియ్యగ. గిదెప్పుడు ఒడుస్తది?"

"గంట పడ్తది."

గంట! అంతసేపు ఏం చేయాలో తెలియక ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. పైకప్పు కూలిన రోజు, చనిపోయిన దోస్తు పోశం, స్పందన ఎన్నడూ వినని సంగతులు. విజయేందర్ మధ్యలో ఒక్కమాటా అనకుండా విన్నాడు.

ఇంతలో రెండో షిఫ్టు సైరన్ మోగింది.

లింగమూర్తి దిగ్గున లేచాడు. సిగార్‌ను గోడకు నలిపి ఆర్పి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "నా టిఫినేదే?" అని కేకేసి, అక్కడే ఆగిపోయాడు.

"ఇగ ఏడికి పోవాలె బిడ్డా నేను?"

స్పందనకు దుఃఖం పొంగుకొచ్చింది. విజయేందర్ నలిగిన కొసను జాగ్రత్తగా కోసి, మళ్ళీ ముట్టించాడు.

"ఇంక సగముంది, కూసోండ్రి. నేను ఏడికీ పోత లేను."

ఆయన కూర్చున్నాడు. సిగార్ అందుకుని, ఈసారి తొందరపడకుండా పీల్చాడు. తర్వాత విజయేందర్ భుజం మీద చెయ్యేశాడు.

"ఆదివారం మీ అవ్వనూ బాపునూ తోల్కరా. పెండ్లి ముచ్చట మాట్లాడుకుందం. తీరికగ."