ఆసు పారేసిన చెయ్యి

చేతిలోకి రెండు రాజులు వచ్చినప్పుడు మనిషి బలవంతుడవుతాడా, లేక బలవంతుణ్ణని నమ్మడం మాత్రమే మొదలుపెడతాడా?

ఆర్లో టాల్బట్ ఈ ప్రశ్న తనకు తానే వేసుకుని, ముక్కల అంచును బొటనవేలితో మరోసారి ఎత్తి చూశాడు. ఇస్పేటు రాజు, కళావరు రాజు. అమెరికాలోని రీనోలో, ఒక జూదశాలలో పింఛనుదారులు మధ్యాహ్నాలు గడిపే చిన్న పందేల పోకర్ టేబుల్ అది. ఆర్లో వేషం రిటైరైన ట్రక్ డ్రైవర్‌ది. గడ్డం అతికించినది. చెవిలోని వినికిడి యంత్రం నిజానికి రిసీవర్. దానికి అవతలి కొసన, పై అంతస్తులో కెమెరాల ముందు, అతని గూఢచారి విభాగం చీఫ్ ఉన్నాడు.

పొద్దున బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది.

"మన పైఅధికారులు శత్రువుల రహస్య సందేశం ఒకటి పట్టారు," అన్నాడు చీఫ్. "బోలుగా ఉన్న పందెం బిళ్ళ, పోకర్ చిప్. చూడ్డానికి ఒక డాలరుది. లోపల ఫిల్మ్. వాళ్ళ నుంచి పారిపోయి వచ్చిన డాక్టర్ వెష్కో దాక్కున్న ఇంటి ఆనవాళ్ళు."

ఆర్లోకి ఆ పేరు బాగా తెలుసు. వెష్కోను, అతని కూతుర్ని సరిహద్దు దాటించింది తనే. ఇక భయం లేదని ఆ పిల్లకు మాట ఇచ్చిందీ తనే.

"చేతులెలా మారుతుంది?"

"గెలిచినవాడు ముక్కలు పంచే డీలర్‌కి టిప్‌గా ఒక చిప్ విసురుతాడుగా. అలా. ట్రెంట్ అనే డీలర్ వాళ్ళ మనిషి. ఇచ్చేది బక్ స్టాడర్డ్ అనే ముసలి పశువుల వ్యాపారి అని మార్గో చెప్పింది."

"మార్గో ఇంతకీ ఎవరి మనిషి?"

"అటు జీతం, ఇటు జీతం. కానీ మన మనిషే. చేతులు మారే క్షణంలోనే పట్టుకో. తప్పు మనిషి మీద చెయ్యి వేశావా, ఆ సందట్లో అసలు చిప్ మాయం."

ఇప్పుడు మార్గో ఎదురుగా ఉంది. చెవులకు పచ్చల లోలకులు, పెదవులపై ఎవరికీ చెందని చిరునవ్వు. పక్కనే బక్, తన ముక్కలు కదలకుండా వాటి మీద రాగి తాబేలు బొమ్మ పెట్టుకుని.

"నాకిదే ఆఖరి పంపకం," అన్నాడు ట్రెంట్. "తర్వాత వేరే డీలరొస్తాడు."

రాజుల జతను దాచిపెట్టి అందరినీ చవగ్గా ఆటలోకి రానివ్వాలా? బయటపడి పందెం పెంచాలా? బలాన్ని దాచుకోవడం తెలివనుకునేవాడు, ప్రత్యర్థి బలపడడానికి తానే వ్యవధి ఇస్తాడు. ఆర్లో పదిహేను డాలర్లు ముందుకు తోశాడు.

"ఏం పెద్దాయనా, ట్రక్కు అమ్మేశావా? పదిహేనంట, పదిహేను!" బక్ గొణుగుతూనే వేశాడు. ఈ టేబుల్‌లో పదిహేనుకి ఎవరూ బెదరరు. ఇంతసేపూ ముక్కలు పారేస్తూనే కూర్చున్న మార్గో కూడా వేసింది.

ట్రెంట్ బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తిప్పాడు. ఏడు, మూడు, ఆసు.

మార్గో అరవై పెట్టింది. ఆర్లో, బక్ తప్ప మిగతావాళ్ళు తప్పుకున్నారు.

"నీ దగ్గర ఆసుందమ్మాయ్," బక్ తాబేలును తీసుకుని ముక్కలు పారేశాడు. "ఉంటే నేను మాత్రం చచ్చినా వదలను. ఈ టేబుల్‌లో ఆసు పారేసిన మొగాణ్ణి ఇంతదాకా చూళ్ళేదు!"

ఆఖరి అవకాశాన్ని బక్ ఇంత సునాయాసంగా వదిలేశాడు. గెలిచి తీరవలసినవాడు అలా నవ్వుతూ వదలడు. ఆర్లో చూపు మార్గో చిప్స్ మీద పడింది. దొంతరలకు దూరంగా, ఆమె చిటికెనవేలి కింద, ఒంటరిగా ఒక డాలరు చిప్.

"పారెయ్, ఆర్లో," చెవిలో చీఫ్ గొంతు. "ఓడిన చెయ్యది."

నిజమే. బల్ల మీది ఆసుతో ఆమె ఆసు జత కడితే, రాజుల జత ఓడినట్టే. కానీ తను పారేస్తే ఆమె గెలుస్తుంది. గెలిస్తే టిప్ ఇస్తుంది.

"మొత్తం పెడుతున్నాను," అన్నాడు ఆర్లో.

ఆటలో నిలవాలంటే మార్గో కూడా తన చిప్స్ అన్నీ పెట్టాలి. ఆమె దొంతరల మీద చెయ్యి వేసి ఆగింది. "ఈ ఒక్కటీ ఉంచుకోవచ్చా? నా అదృష్టపు చిప్."

ట్రెంట్ నోరు తెరిచేలోగా బక్ అందుకున్నాడు. "మొత్తమంటే మొత్తమేనమ్మా! అదృష్టాన్ని జేబులో పెట్టుకో, చిప్పు బల్ల మీద పెట్టు."

ఆమె ముఖంలో చిరునవ్వు ఆరిపోయింది. ముక్కలు విసిరేసింది. ఒకటి తిరగబడింది. డైమన్ ఆసు.

"ఆసు పారేసింది!" బక్ కుర్చీలోంచి లేచాడు. "ఒక్క డాలరు కోసం!"

"పోనీలే ట్రెంట్," మార్గో ఆ ఒంటరి చిప్‌ను వేగంగా ముందుకు జార్చింది. "ఓడినా నీ మామూలు నీకు."

ఓడినవాళ్ళు టిప్ ఇవ్వడం అక్కడెవరూ ఎరగరు. ట్రెంట్ వేళ్ళు చిప్‌ను తాకేలోగా ఆర్లో అరచెయ్యి దాని మీద పడింది.

"క్షమించాలి మేడమ్. గెలిచింది నేను. టిప్ నేనిచ్చుకుంటాను."

స్లాట్ మెషీన్ల దగ్గర మఫ్టీలో కాపు కాస్తున్న ఇద్దరు పోలీసులు లేచి వచ్చారు.

"శభాష్," చెవిలో చీఫ్. "చిప్ నాకు పైకి తెచ్చివ్వు."

ఆర్లో కదల్లేదు. వెష్కో ఇల్లు తెలిసినవాళ్ళు ఇద్దరే. తను, చీఫ్. బక్ మీద అనుమానం పెట్టించింది ఎవరు? మార్గో గెలవబోతున్నప్పుడు పారెయ్యమన్నది ఎవరు? తన చేతిలోని అసలైన బలం ఈ గొంతేనని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

చెవిలోంచి యంత్రం తీసి బక్ కాఫీలో వేశాడు.

"అరే! ఇప్పుడు నీకెలా వినపడుద్దయ్యా?" అన్నాడు బక్.

"కావలసినంత వినేశాను," అన్నాడు ఆర్లో. చిప్‌ను పోలీసు చేతిలో పెట్టి, చీఫ్ ఉన్న పై అంతస్తు గదికి తాళం వేయించమని చెప్పి, ఫోన్ దగ్గరికి నడిచి వెష్కో నంబరు తిప్పాడు.

"డాక్టర్, అమ్మాయిని తీసుకుని బయల్దేరండి. ఈ క్షణమే ఇల్లు మారుతున్నాం."