మూడో పిలుపు

సువర్ణరేఖ నదికి అవతల, దళ్మా కొండ దిగువన, ఒక పాడుబడ్డ పంపుహౌసు ఉండేది. పొద్దుగూకాక అటు ఎవరూ పోయేవారు కాదు. ఎందుకు పోరని అడిగితే మా బారిడీహ్ క్వార్టర్లలో పాలు తాగే పిల్లాడు కూడా చెప్పేవాడు... అక్కడ పిలుస్తుంది!

ఎవరంటే, పంపు నడిపే మనిషి కూతురు. ఏనాటి మాటో. తండ్రి లోపల నిద్రపోతుంటే పిల్ల పక్కనున్న మడుగులోకి జారిపోయిందట. పిలిచి పిలిచి మునిగిపోయిందట. అప్పట్నించి ఆ దారిన పోయే మగాళ్ళందర్నీ పిలుస్తుందని చెప్పుకునేవారు. హిందీవాళ్ళకి ‘బాబూజీ’ అని, మన తెలుగువాళ్ళకి ‘నాన్నా’ అని వినబడుతుందట. దెయ్యానికి ఇన్ని భాషలు నేర్పిన పంతులెవరో అని నేను వెక్కిరించేవాణ్ణి.

దానికి మావాళ్ళ దగ్గర విరుగుడు కూడా ఉంది. రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిచిందంటే మనిషే. శ్రీకాకుళం నుంచి ముసలమ్మలు ఊరగాయ జాడీలతోపాటు మోసుకొచ్చిన శాస్త్రం ఇది.

నీలకంఠం బాబాయి నాతోపాటు ఉక్కు కంపెనీలో క్రేన్ ఖలాసీ. ఒక నైట్ షిఫ్టులో, చేతిలో టీ చల్లారిపోతుంటే, ఇదంతా నాకు చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతాను.

డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. ఏటా మార్చి మూడున కంపెనీ పెట్టినాయన పుట్టినరోజని పార్కంతా దీపాలు, అదే బత్తీలు, పెడతారు కదా, ఆ రాత్రి. బాబాయి భార్య చిలకమ్మ పిన్ని బాలింత, పక్కలో పసికందు. పెద్దపిల్ల చిన్నమ్మికి ఐదేళ్ళు.

“గుంట వారం నుంచి బత్తీలు బత్తీలని పేణం తీత్తంది. తీసుకెళ్ళి సూపించు” అంది పిన్ని.

బాబాయి సరేనన్నాడు. కానీ మనసులో మాట వేరు. పురుడు నాటికి బావమరుదులకి దుప్పి మాంసం పెడతానని కంపెనీలో తను పనిచేసే షాపులో గొప్పలు పోయాడు. విల్లు పట్టడం బలరామ్ దగ్గర నేర్చాడు. బలరామ్ సంతాలు తెగవాడు, చేతిలో విల్లుతో పుట్టిన మనిషి. ఇక ఆ రాత్రి అడవి కాసేవాళ్ళు సైతం పెళ్ళాంపిల్లల్తో పార్కులోనే ఉంటారు. పంపుహౌసు దగ్గరికి మనుషులు రారు కాబట్టి జంతువులు బెదరకుండా నీళ్ళకొస్తాయి. ఇంతకంటే మంచి రాత్రి దొరకదనుకున్నాడు.

పిల్లని సైకిలు ముందు కూర్చోబెట్టుకున్నాడు. గోనెపట్టాలో చుట్టిన విల్లు వెనకాల కట్టాడు. పార్కు వైపు తిరగాల్సిన చోట తిరగలేదు. నది మీదున్న మాంగో వంతెన దాటించేశాడు.

“బత్తీలు ఏవి నాన్నా?”

“ముందున్నాయిలే.”

కన్నకూతురికి అంత తేలిగ్గా అబద్ధం చెప్పాడు. చెప్పేటప్పుడు తనకేమీ అనిపించలేదట. ఇప్పుడు మాత్రం, టీ గ్లాసు కింద పెట్టేశాడు.

పంపుహౌసుకి తలుపు లేదు. గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా మడుగు. ఇద్దరూ లోపల నక్కి కూర్చున్నారు. పిల్ల చేతిలో టార్చి పెట్టాడు.

“నాను మోసేత్తో పొడిత్తే నొక్కు. మాటాడకు. నాను సెప్పేదాకా నోరిప్పకు.”

పిల్ల తలూపింది. దోమలు కుట్టినా కిక్కురుమనలేదు. చాలాసేపటికి... ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. నీళ్ళు తాగుతున్న చప్పుడు. బాబాయి నారి లాగి, మోచేత్తో పొడిచాడు.

టార్చి వెలిగింది. చీకట్లో రెండు కళ్ళు తళుక్కుమన్నాయి!

“నాన్నా, బత్తీలు!”

పిల్ల సంబరంగా అరవడం, దుప్పి ఎగరడం, బాణం వదలడం... అన్నీ ఒకేసారి అయిపోయాయి. గుండెకి తగలాల్సింది తొడకి తగిలింది. దుప్పి కుంటుతూ చెట్లలోకి పోయింది.

బాబాయి పిల్లని చెంప మీద ఒక్కటిచ్చాడు.

“నోరిప్పొద్దన్నానా? ఇక్కడే కూకో. కదిలితే సంపేత్తాను.”

దాని చేతిలో టార్చి లాక్కున్నాడు. ఐదేళ్ళ పిల్లని ఆ చీకట్లో, ఆ పంపుహౌసులో వదిలేసి నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ పోయాడు.

చుక్కలు పొదల్లోకి, పొదల్లోంచి రాళ్ళ మీదికి పోయాయి. టార్చి వెలుగు ఎర్రబడింది. చివరికి ఆరిపోయింది. అప్పుడు చూసుకుంటే ఏ వైపు నుంచి వచ్చాడో తెలీలేదు. మడుగు ఎడమవైపు ఉండాలనుకున్నాడు. దుప్పి పోయింది. పిల్ల... పిల్ల ఒక్కత్తీ ఉంది.

అప్పుడు వినబడింది.

“నాన్నా...”

కుడివైపు నుంచి! పంపుహౌసు అటు కాదు కదా. బాబాయి ఉన్నచోటే నిలబడిపోయాడు. పలకలేదు.

“నాన్నా...”

ఇంకాస్త దగ్గరగా. అచ్చం చిన్నమ్మి గొంతే. దెయ్యం మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది కదా! నోరు బిగబట్టుకుని మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు.

లేదు... రాలేదు.

చెట్ల నీడలో తెల్లగా ఏదో కదిలింది. ఎండుటాకులు చిటపటలాడాయి. తనవైపే వస్తోంది.

బాబాయి బాణం సంధించాడు. విల్లు చేతికివ్వడానికి ముందే బలరామ్ ఒక మాట చెప్పాడట, ‘ఆవాజ్ పే తీర్ మత్ ఛోడ్నా’ అని. చప్పుడు మీద బాణం వెయ్యకు, కంటితో చూసి వెయ్యి. ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నారిని చెవిదాకా లాగాడు. వేళ్ళు వదలబోతున్నాయి...

“నాన్నా!!”

చెవి దగ్గర ఎవరో అరిచినట్టు. ఉలిక్కిపడ్డాడు. చెయ్యి పక్కకి పోయింది. బాణం రివ్వున పోయి సాల చెట్టులో దిగబడింది.

దాని కింద చిన్నమ్మి! తెల్లగౌనులో, రెండు చేతుల్తో నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. బాణం దాని నెత్తికి జానెడు పైన ఊగుతోంది.

బాబాయి విల్లు అక్కడే పారేశాడు. పిల్లని ఎత్తుకుని ఏడ్చాడు. ఎలా మడుగు దగ్గరికి చేరాడో, సైకిలు ఎలా దొరికిందో తనకే తెలీదట. మాంగో వంతెన మీదికి వచ్చాక పిల్లని అడిగాడు.

“రెండుపాల్లు పిలిసి ఎందుకూరుకున్నావే అమ్మా? మూడోపాలి అంత ఆలీసం ఎందుకు సేసినావు?”

“నాను రెండుపాల్లే పిలిచాను నాన్నా. మాటాడితే మల్లీ కొడతావని నోరు మూసేసుకున్నాను.”

“మరి మూడోపాలి?”

“అది నాను కాదు. నీ పక్కన గుంట నిలబడింది కదా... తడిబట్టల్తో. అదే నీ చెయ్యట్టుకుని లాగింది. అదే పిలిచింది.”

ఇక్కడిదాకా చెప్పి బాబాయి చల్లారిన టీ పారబోశాడు. నాకు వెక్కిరింత నోటిదాకా వచ్చింది. పసిపిల్ల, భయంలో ఏదో చూసుంటుందిలే బాబాయ్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పిన్నికి ఏటి సెప్పావు?” అన్నాను.

“నాను సెప్పనేదు. గుంటే సెప్పింది, బత్తీలు బాగున్నాయని. నన్ను తిట్టించకుండా నా కూతురు అబద్దమాడిందిరా. అప్పటికింకా ఆ సెంప మీద నా ఏళ్ళ అచ్చు అలాగే ఉంది.”

సైరన్ మోగింది. బాబాయి లేవలేదు.

“అది కాదురా నన్ను నిద్దరపోనివ్వనిది” అన్నాడు. “ఆ గుంట... ఎన్నేళ్ళబట్టి పిలుత్తందో. ఒక్క మగోడూ పలకనేదు. దాన్ని దెయ్యమన్నాం. అది నా బిడ్డని బతికించింది. నా చెయ్యట్టుకుని, నా చెవిలో ‘నాన్నా’ అని నోరారా పిలిచింది.”

కళ్ళు తుడుచుకున్నాడు.

“నా గుంటని ఎత్తుకుని పారొచ్చేసినాను. దానికి నానూ పలకనేదురా.”